మెట్ట గోధుమ పొలంలో జిప్సం: మోతాదు రసాయనం చెబుతుంది, గడువు వాన చెబుతుంది

సోడియం పట్టిన బంక నేలకు జిప్సం వేస్తే నేల గుల్లబారుతుంది, నీరు ఇంకుతుంది, మొలక తేలిగ్గా పైకి వస్తుంది. ఇది నూరేళ్లకు పైగా తెలిసిన సంగతి. కాలిఫోర్నియాలో నల్ల చౌడు (సోడియం పట్టిన చౌడు నేల) మీద పరిశోధించిన నేల శాస్త్రవేత్త హిల్‌గార్డ్ పంతొమ్మిదో శతాబ్దం చివరిలోనే జిప్సాన్ని సిఫారసు చేశాడు. అయినా వాన మీదే ఆధారపడి గోధుమ పండించే ప్రాంతాలలో జిప్సం గురించిన వాదన ఇప్పటికీ తెగలేదు. ఒక పొలంలో మొదటి పంటకే ఫలితం కనిపిస్తుంది. అంతే మోతాదు పడిన పక్క పొలంలో మూడు పంటలు కోసినా తేడా తెలియదు. ఒక సిఫారసు హెక్టారుకు రెండున్నర టన్నులు చాలంటుంది, మరొకటి పదిహేను టన్నులు కావాలంటుంది. ఏ నేలను సోడియం నేల అనాలో చెప్పే సోడియం వాటా హద్దు కూడా ఒక దేశంలో 6 శాతం, మరో దేశంలో 15 శాతం.

ఈ గందరగోళంలో ఎక్కువ భాగం ఒకే చోట పుడుతోంది. జిప్సం లెక్కలు చాలావరకు సాగునీరు ఉన్న భూముల్లో తయారయ్యాయి. అక్కడ నీరు చేతిలో ఉంటుంది కనుక ఎంత జిప్సం కావాలన్నదే అసలు ప్రశ్న. మెట్టలో ఆ సౌలభ్యం లేదు. వేసిన జిప్సం ఎన్నాళ్లకు కరుగుతుంది, ఎంత లోతుకు దిగుతుంది, అది తొలగించిన సోడియం ఎక్కడ ఆగుతుంది అన్నవి అక్కడ మోతాదు కంటే పెద్ద ప్రశ్నలు.

ఉప్పు నేల వేరు, సోడియం నేల వేరు

చౌడు నేలల్లో రెండు రకాల దోషాలుంటాయి. మొదటిది ఉప్పు నేల, అంటే పాల చౌడు. ఇక్కడ లవణాలు నేలలోని తేమలో కరిగి ఉంటాయి. తేమ ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. మట్టి కట్టుబడి మాత్రం సాధారణంగా బాగానే ఉంటుంది, నీరు బాగానే ఇంకుతుంది. ఈ దోషాన్ని విద్యుత్ వాహకతతో కొలుస్తారు. మట్టిని నీటితో సంతృప్తపరచి తీసిన ద్రావణంలో అది మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే ఉప్పు నేల అనడం వాడుక. ఇటువంటి నేలకు కావలసింది కడిగే నీరు, ఆ నీరు బయటికి పోయే దారి. జిప్సం దీనికి మందు కాదు.

రెండోది సోడియం నేల, అంటే కారు చౌడు లేదా నల్ల చౌడు. ఇక్కడ సోడియం నీటిలో కాక బంకమన్ను కణాలకు అంటిపెట్టుకుని ఉంటుంది. బంక కణాల మీద రుణావేశం ఉంటుంది కనుక అవి కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం వంటి ధనావేశ అయాన్లను పట్టి ఉంచుతాయి. ఒక మట్టి మొత్తంగా ఎన్ని అయాన్లను పట్టి ఉంచగలదో అది దాని ధనాయాన వినిమయ సామర్థ్యం. అందులో సోడియం ఆక్రమించిన వాటాను వినిమయ సోడియం శాతం అంటారు. సోడియం కణానికి అంటుకుని ఉంది కనుక మామూలు నీటితో ఎంత కడిగినా కదలదు; దాని చోటులోకి మరొక అయాన్ వచ్చి కూర్చుంటేనే కదులుతుంది. జిప్సానికి పని ఉన్నది ఈ నేలలోనే.

రెండు దోషాలూ కలిసిన నేలలూ ఉన్నాయి. పైగా మెట్ట గోధుమ ప్రాంతాల సోడియం నేలలు పుస్తకాల్లోని నల్ల చౌడులా కనిపించకపోవచ్చు. పైపొర మామూలుగా, ఒక్కోసారి కొంచెం ఆమ్లంగా కూడా ఉండి, అడుగున్నర కిందికి తవ్వితే గాని సోడియం సంగతి బయటపడదు. ఆస్ట్రేలియాలో ఇటువంటి నేలలు దేశ విస్తీర్ణంలో మూడో వంతుకు దగ్గరగా ఉన్నాయని అంచనా.

తడిసిన బంకమన్నులో ఏం జరుగుతుంది

బంక కణాలు అతి పల్చని పలకలు. కాల్షియం అయాన్‌కు రెండు ఆవేశాలుంటాయి కనుక అది పలకకు దగ్గరగా అంటుకుంటుంది. పక్క పక్క పలకలు ఒకదానికొకటి చేరువై గుంపు కడతాయి. సోడియానికి ఒక్కటే ఆవేశం. అది పలకకు ఎడంగా, వదులుగా తిరుగుతుంటుంది. వానకు మట్టి తడిసినప్పుడు సోడియం ఎక్కువగా ఉన్న పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని, గుంపులు విడిపోయి, బంక కణాలు విడివిడిగా నీటిలో కలిసిపోతాయి. దీన్నే బంక చెదరడం అందాం. చెదిరిన కణాలు మట్టిలోని సన్నని రంధ్రాలను మూసేస్తాయి. నేల ఆరాక అదే బురద గట్టి అట్ట కడుతుంది.

గోధుమకు ఇది మూడు చోట్ల నష్టం చేస్తుంది. చిన్న వానకే పైన నీరు నిలిచి, ఇంకవలసిన చినుకు పొర్లి పోతుంది. మెట్టలో పోయిన చినుకు మళ్లీ రాదు. విత్తిన తర్వాత కట్టిన అట్టను మొలక చీల్చుకుని రాలేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: ఇప్పుడు సాగులో ఉన్న పొట్టి గోధుమ రకాలలో ఎక్కువ వాటికి, వాటిని పొట్టిగా చేసిన జన్యువుల వల్లనే, మొలకను కాపాడే తొడుగు కూడా పొట్టిగా ఉంటుంది. అందువల్ల అట్టకట్టే నేలలో ఈ రకాలు పాత పొడుగు రకాల కంటే ఎక్కువ ఇబ్బంది పడతాయి. మూడో నష్టం కంటికి కనిపించదు. కింది పొరలో గాలి ఆడదు, వేరు దిగదు. కంకి వేసే వేళకు అవసరమైన తేమ అక్కడ ఉన్నా పైరుకు అందదు.

మట్టి పెళ్ల నీటిలో విడిపోవడం అన్నది ప్రతిసారీ సోడియం పనే అనుకోవడం పొరపాటు. సేంద్రియ పదార్థం తక్కువైన నేలలో కూడా పెళ్ల నీటిలో పడగానే చిన్న చిన్న ముక్కలుగా కూలిపోతుంది. కానీ అప్పుడు నీరు తేటగానే ఉంటుంది. సోడియం వల్ల బంక చెదిరితే ముక్కల చుట్టూ పాలలాంటి మసక కమ్ముకుంటుంది. ఆస్ట్రేలియా నేల శాస్త్రవేత్త ఎమర్సన్ 1967లో రూపొందించిన పరీక్షకు ఈ తేడాయే ఆధారం: ఎండిన మట్టి పెళ్లను కదపకుండా లవణాల్లేని నీటిలో ఉంచి, రెండు గంటలకు ఒకసారి, ఇరవై గంటలకు మరోసారి చూస్తారు. కూలి, నీరు తేటగా ఉన్న మట్టికి జిప్సం వేయడం వృథా. దానికి పంట మోళ్లు, పశువుల ఎరువు, తక్కువ దుక్కి మేలు చేస్తాయి.

మరో చిక్కు ఉంది. నేల నీటిలో లవణాలు తగినంత ఉంటే, సోడియం ఎక్కువగా ఉన్నా బంక చెదరదు. లవణ సాంద్రత పెరిగినప్పుడు పలకల చుట్టూ ఉన్న అయాన్ల పొర కుంచించుకుపోయి పలకలు దగ్గరగానే ఉండిపోతాయి. ఉప్పు, సోడియం రెండూ ఉన్న నేల మామూలు రోజుల్లో గుల్లగా కనిపించి, మంచి వానలు పడి పైన ఉప్పు కొట్టుకుపోయాక బురదగా మారి గట్టిపడటానికి కారణం ఇదే. ఆ ఏడాది వాన నేలను పాడు చేసిందని రైతు అనుకుంటాడు. నిజానికి ఉప్పు ఇన్నాళ్లూ దాచిన దోషాన్ని వాన బయటపెట్టింది.

జిప్సం చేసే రెండు పనులు

జిప్సం అంటే రెండు నీటి అణువులు చేరిన కాల్షియం సల్ఫేట్. స్వచ్ఛమైన జిప్సంలో కాల్షియం సుమారు 23 శాతం, గంధకం 18.6 శాతం. లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములు కరుగుతుంది. ఇది చాలా తక్కువేమీ కాదు, ఎక్కువా కాదు. దాని ఉపయోగమంతా ఈ మధ్యస్థ స్వభావంలోనే ఉంది. సున్నపురాయి పొడి దీని కంటే పదుల రెట్లు తక్కువ కరుగుతుంది, క్షార నేలలో అయితే దాదాపు కరగదనే చెప్పాలి. కాల్షియం క్లోరైడ్ ఎంతో ఎక్కువ కరుగుతుంది, కానీ ఖరీదైనది, ఒకటి రెండు వానలకే కిందికి పోతుంది.

కరిగిన జిప్సం మొదట నేల నీటిలో లవణ సాంద్రతను పెంచుతుంది. పైన చెప్పిన కారణంగా బంక చెదరడం వెంటనే ఆగుతుంది. ఈ ఫలితం మొదటి వానకే కనిపిస్తుంది గాని, పైపొరలో జిప్సం మిగిలి ఉన్నంత కాలమే నిలుస్తుంది. రెండో పని నిదానమైనది. కాల్షియం బంక కణాల మీది సోడియాన్ని తోసి దాని చోటు తీసుకుంటుంది. విడుదలైన సోడియం సల్ఫేటుతో కలిసి సోడియం సల్ఫేట్‌గా నీటిలో కరిగి ఉంటుంది. ఆ నీరు కిందికి దిగితేనే మార్పు స్థిరపడుతుంది. అప్పుడు జిప్సం అంతా అయిపోయిన తర్వాత కూడా నేల మెరుగు కొన్నేళ్లు నిలుస్తుంది.

"జిప్సం రెండేళ్లే పనిచేస్తుంది" అనేవారు, "ఒకసారి వేస్తే చాలాకాలం నిలుస్తుంది" అనేవారు నిజానికి రెండు వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు. తక్కువ మోతాదు వేసిన చోట మొదటి పనే ఎక్కువ. అది తీరిపోగానే నేల మళ్లీ పాత తీరుకు వస్తుంది. సోడియాన్ని తొలగించేంత మోతాదు, దాన్ని కిందికి పంపేంత వాన రెండూ కుదిరిన చోట రెండో పని పూర్తవుతుంది.

జిప్సం వేస్తే నేలకు ఉప్పు చేరినట్లే కదా, గోధుమకు ప్రమాదం కాదా అన్న సందేహం సహజం. జిప్సం సంతృప్త ద్రావణపు వాహకత మీటరుకు 2.2 డెసీసీమెన్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది. గోధుమ దిగుబడి తగ్గడం మొదలయ్యే హద్దు సుమారు 6. కనుక జిప్సం ఒక్కదాని వల్ల ఆ ప్రమాదం రాదు, అది ఎక్కడి నుంచో ఉప్పును వెంట తెస్తే తప్ప.

హద్దు 6 శాతమా, 15 శాతమా

అమెరికాలోని రివర్‌సైడ్ లవణ నేలల ప్రయోగశాల 1954లో వెలువరించిన కరదీపిక వినిమయ సోడియం శాతం 15 దాటితే సోడియం నేల అని నిర్ణయించింది. ప్రపంచంలో చాలా దేశాలు దాన్నే పాటించాయి. ఆస్ట్రేలియాలో మాత్రం 6 దాటితే చాలు సోడియం నేల, 15 దాటితే తీవ్రమైన సోడియం నేల అంటారు. రెండింటిలో ఏది సరైనదని అడిగేవారు నీటి సంగతి మరిచిపోతున్నారు. సాగునీటిలో ఎంతో కొంత లవణం కరిగి ఉంటుంది, అది బంకను చెదరకుండా కొంత కాపాడుతుంది. వాన నీటిలో లవణం దాదాపు ఉండదు. అదే మట్టి, అదే 10 శాతం సోడియం, కాలువ నీటికి నిలబడి వాన నీటికి చెదిరిపోగలదు. ఈ కారణంగా మెట్ట గోధుమకు 6 శాతం హద్దు ఎక్కువ అర్థవంతమని నా అభిప్రాయం.

అయితే 6 అన్నది కూడా గీత గీసినట్టి హద్దు కాదు. మట్టిలో బంక ఎంత, అది ఏ రకం, సేంద్రియ పదార్థం ఎంత, నేల నీటిలో లవణం ఎంత అన్నవాటిని బట్టి అది అటూ ఇటూ మారుతుంది. మెగ్నీషియం గురించిన వాదన ఇంకా నడుస్తూనే ఉంది. బంకను కూర్చడంలో మెగ్నీషియం కాల్షియమంత గట్టిది కాదని అందరూ ఒప్పుకుంటారు. సోడియం తక్కువై మెగ్నీషియం ఒక్కటే ఎక్కువైనప్పుడు జిప్సం అవసరమా అన్నదాని మీదే భేదాభిప్రాయం. రెంగసామి, మార్చుక్ అనే పరిశోధకులు 2011లో ప్రతిపాదించిన సూచిక ఈ నాలుగు అయాన్లనూ ఒకే లెక్కలోకి తెచ్చింది. అందులో పొటాషియం చెదరగొట్టే శక్తిని సోడియం శక్తిలో 0.56 వంతుగా, మెగ్నీషియం కూర్చే శక్తిని కాల్షియం శక్తిలో 0.60 వంతుగా తీసుకున్నారు. సోడియాన్ని మాత్రమే చూసే పాత శాతం కంటే ఇది నేల ప్రవర్తనకు దగ్గరగా ఉంటుంది గాని, మామూలు మట్టి పరీక్ష నివేదికల్లో ఇంకా పాత శాతమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక పొలానికి మోతాదు లెక్క

ఊహాత్మకమైన ఒక పొలం తీసుకుందాం. పై 10 సెంటీమీటర్ల మట్టిలో వినిమయ సామర్థ్యం 100 గ్రాములకు 25 మిల్లీఈక్వివలెంట్లు (అయాన్లను వాటి ఆవేశం లెక్కన కొలిచే ప్రమాణం). అందులో కాల్షియం 11, మెగ్నీషియం 10, పొటాషియం 1, సోడియం 3. అంటే సోడియం వాటా 12 శాతం. దాన్ని 5 శాతానికి దించాలంటే సోడియం 3 నుంచి 1.25కు తగ్గాలి, తొలగవలసింది 1.75.

ఒక మిల్లీఈక్వివలెంటు సోడియాన్ని తొలగించడానికి కిలో మట్టికి 0.86 గ్రాముల స్వచ్ఛమైన జిప్సం కావాలి. హెక్టారులో 10 సెంటీమీటర్ల పొర 1,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు మట్టి 1.4 టన్నులు తూగితే ఆ పొర 14 లక్షల కిలోలు. కనుక ఒక్కో మిల్లీఈక్వివలెంటుకు సుమారు 1.2 టన్నులు, 1.75కు 2.1 టన్నులు. మన జిప్సం 80 శాతం స్వచ్ఛమైనదైతే 2.6 టన్నులు వేయాలి. కరిగిన కాల్షియమంతా సోడియం మీదికే వెళ్లదు. కొంత మెగ్నీషియాన్ని తొలగించడానికి పోతుంది, కొంత ఏమీ చేయకుండానే కిందికి జారిపోతుంది. ఐదింట నాలుగు వంతులు పనికొచ్చాయనుకుంటే మోతాదు 3.3 టన్నులకు చేరుతుంది. ఆస్ట్రేలియా మెట్ట ప్రాంతాల్లో వాడుకలో ఉన్న రెండున్నర నుంచి ఐదు టన్నుల సిఫారసులు ఎక్కడి నుంచి వచ్చాయో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది: అవి పైపొర కోసం చేసినవి.

అదే పొలంలో 10 నుంచి 30 సెంటీమీటర్ల పొర చూద్దాం. అక్కడ సామర్థ్యం 30, సోడియం 6, అంటే 20 శాతం. దాన్ని 6 శాతానికి దించాలంటే 4.2 మిల్లీఈక్వివలెంట్లు తొలగాలి. ఈ పొర 20 సెంటీమీటర్ల మందం, ఘనపు మీటరుకు 1.5 టన్నుల బరువు, మొత్తం 30 లక్షల కిలోలు. స్వచ్ఛమైన జిప్సం 10.8 టన్నులు, 80 శాతం స్వచ్ఛత లెక్కన 13.5 టన్నులు, వృథాను కూడా కలిపితే 17 టన్నులకు దగ్గర. రెండు పొరలకూ కలిపి 20 టన్నులు. రసాయనం ప్రకారం ఈ అంకెలో తప్పేమీ లేదు. మెట్ట రైతుకు అది ఎందుకు పనికిరాదో తర్వాతి లెక్క చెబుతుంది.

దాన్ని కరిగించే వాన ఎక్కడ?

హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10,000 లీటర్ల నీరు. లీటరుకు 2.5 గ్రాముల చొప్పున అది గరిష్ఠంగా 25 కిలోల జిప్సాన్ని కరిగించగలదు. పైపొరకు వేసిన 3.3 టన్నులలో అసలు జిప్సం 2.6 టన్నులు, అది కరగడానికి కనీసం 105 మిల్లీమీటర్ల నీరు దాని గుండా దిగాలి. ఏడాదికి 350 మిల్లీమీటర్ల వాన పడే చోట ఇది ఒక్క సీజను పని అనిపిస్తుంది. కానీ ఆ వానలో చాలా భాగం ఐదారు మిల్లీమీటర్ల జల్లులుగా పడి, పై రెండంగుళాలను తడిపి ఆవిరైపోతుంది. మిగిలిన నీరు కూడా జిప్సం పలుకులను తాకుతూ పూర్తిగా సంతృప్తమయ్యేంత నిదానంగా దిగదు. మరోవైపు, కరిగిన కాల్షియాన్ని బంక వెంటనే లాక్కుంటుంది కనుక సోడియం నేలలో జిప్సం స్వచ్ఛమైన నీటిలో కంటే ఎక్కువే కరుగుతుంది. ఈ ఎదురు బొదురు ప్రభావాలన్నీ కలిసి, పైపొర మోతాదు ఒకటి నుంచి రెండు మూడు సీజన్లలో కరుగుతుందనుకోవడం సబబు.

కింది పొరకు కావలసిన 17 టన్నుల సంగతి వేరు. అందులో అసలు జిప్సం 13.5 టన్నులు, దానికి కావలసిన నీరు 540 మిల్లీమీటర్లు. అదీ పైన పడితే చాలదు, 10 సెంటీమీటర్లు దాటి కిందికి దిగాలి. పైరు ఉన్నంతకాలం వేళ్లు ఆ నీటిని పైకి లాగుతూనే ఉంటాయి. మెట్టలో అంత నీరు ఆ లోతు దాటడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పైన పడి ఉన్న జిప్సం మీద పెట్టిన డబ్బు కదలకుండా ఉంటుంది.

హర్యానా, పంజాబ్, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రాల చౌడు భూములను బాగు చేసిన అనుభవంతో పోల్చి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. 1969లో ఏర్పడిన కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ అక్కడ రూపొందించిన పద్ధతిలో హెక్టారుకు 10 నుంచి 15 టన్నుల జిప్సం పైపొరలో కలిపి, మడి కట్టి, నీరు నిలగట్టి, మొదట వరి వేసి, ఆ తర్వాత గోధుమ వేస్తారు. అక్కడి నేలల్లో పీహెచ్ 10 దాకా పోతుంది, సోడియం కార్బొనేట్ పుష్కలంగా ఉంటుంది. జిప్సంలో కొంత భాగం ముందు ఆ కార్బొనేట్‌ను సున్నంగా మార్చడానికే ఖర్చవుతుంది. నిలగట్టిన నీరు రోజుల తరబడి కిందికి దిగుతూ సోడియాన్ని వెంట తీసుకుపోతుంది. ఆ పద్ధతి విజయవంతమైంది. కానీ దాని మోతాదును మాత్రమే తీసుకుని దాని నీటిని వదిలేసి మెట్ట గోధుమకు అన్వయిస్తే, అది సగం పద్ధతే అవుతుంది.

ఇక తొలగిన సోడియం మాయం కాదు. మన పొలంలో పైపొర నుంచి కదిలిన 1.75 మిల్లీఈక్వివలెంట్లు హెక్టారుకు సుమారు 560 కిలోల సోడియానికి సమానం. సోడియం సల్ఫేట్‌గా లెక్కిస్తే 1.7 టన్నులకు పైనే. వాన చాలిన చోట అది వేళ్ల లోతు దాటి పోతుంది. చాలని చోట అర మీటరు లోతులో ఆగి, సరిగ్గా గోధుమ చివరి దశలో తేమ వెతుక్కునే పొరలో ఉప్పుగా పోగవుతుంది. పైన మేలు, కింద కీడు. దీన్ని జిప్సానికి వ్యతిరేకమైన వాదనగా వాడేవారున్నారు. ఎదుటివారు చెప్పేదీ కాదనలేము: పైపొర తెరుచుకుంటే మరింత వాన లోపలికి వస్తుంది, తడి ఏడాదుల్లో ఆ ఉప్పు ఇంకా కిందికి పోతుంది, పైగా ఆ ఉప్పు ఉన్నంతకాలం కింది బంక చెదరకుండా ఉంటుంది. ఏది నెగ్గుతుందన్నది ఆ ప్రాంతపు వాన, నేల పారుదల తేలుస్తాయి.

దోషం కింది పొరలో ఉంటే

పైన చల్లిన జిప్సం కింది పొరకు చేరడానికి ఏళ్లు పడుతుంది కనుక, దాన్నే తీసుకెళ్లి కింద పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. బలమైన ట్రాక్టరుకు లోతు నాగళ్లు కట్టి, 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతున నేలను చీల్చి, వాటి వెనక గొట్టాల ద్వారా జిప్సం జారవిడుస్తారు. జిప్సం లేకుండా చీల్చడం మాత్రమే చేస్తే సోడియం మట్టి మొదటి పెద్ద వానకే కూలి మళ్లీ మూసుకుపోతుంది. ఇందులో వాదనకు తావు లేదు. కలిపి చేసినప్పుడు ఎంత లాభమన్నదే తెగలేదు. చీలికల చుట్టూ ఉన్న మట్టి మాత్రమే బాగుపడుతుంది, మధ్యలోని గడ్డ అలాగే ఉంటుంది. తేమ తక్కువగా ఉన్నప్పుడు చీలిస్తే పెద్ద పెద్ద గడ్డలు పైకి లేచి విత్తడమే కష్టమవుతుంది. ఇంధనం ఖర్చు చిన్నది కాదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, వాన కొంచెం ఎక్కువ పడే గోధుమ ప్రాంతాలలో, కింది పొరలోకి హెక్టారుకు 20 టన్నుల దాకా కోళ్ల ఎరువు వంటి సేంద్రియ పదార్థాన్ని దింపి చేసిన పరీక్షల్లో దిగుబడి గణనీయంగా పెరిగింది. వేళ్లు ఆ పొరలోకి దిగి, మట్టిని కట్టి, కింది తేమను వాడుకోవడం కారణమని పరిశోధకులు వివరించారు. జిప్సం కంటే ఇదే మేలనేవారు ఈ ఫలితాలనే చూపుతారు. ఆ ఎరువుతో పాటు చేరిన నత్రజని, భాస్వరాల వాటా ఎంత, పొడి ప్రాంతాలలో ఇదే ఫలితం వస్తుందా, అంత ఎరువు ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి రెండో పక్షం అడిగే ప్రశ్నలు. మూడూ న్యాయమైనవే.

ప్రకృతి కొన్నిచోట్ల పని సులువు చేసిపెట్టింది. కజఖ్‌స్తాన్, రష్యా, కెనడాలోని అల్బర్టా ప్రాంతాల సోడియం నేలల్లో గట్టి పొర కిందనే సున్నం, జిప్సం సహజంగా ఉంటాయి. బయటి నుంచి ఏమీ తేకుండా లోతు దుక్కితో ఆ పొరను పైకి కలిపి సోడియం పొరను బాగు చేసే పద్ధతి అక్కడ ఎప్పటి నుంచో ఉంది. మట్టి నమూనా 10 సెంటీమీటర్ల దగ్గరే ఆపేసేవారికి ఈ అవకాశం ఉందో లేదో కూడా తెలియదు.

అన్ని సల్ఫేట్లూ ఒకటి కావు

గని జిప్సం ముతకగా ఉంటే నిదానంగా కరుగుతుంది. పైపొరలో లవణ సాంద్రతను ఎక్కువకాలం నిలుపుతుంది కనుక అది ఎప్పుడూ లోపమే అనలేము. ఎరువుల కర్మాగారాలలో ఫాస్ఫారిక్ ఆమ్లం తయారీలో మిగిలే ఫాస్ఫోజిప్సం మెత్తగా ఉండి త్వరగా కరుగుతుంది, అయితే అందులో ఫ్లోరైడ్, కాడ్మియం, స్వల్పంగా రేడియం ఉండే అవకాశం వల్ల పరీక్ష నివేదిక ముఖ్యం. ఎండిన ఉప్పు చెరువుల అంచుల్లో తవ్విన జిప్సంతో మామూలు ఉప్పు కలిసి వస్తుంది. స్వచ్ఛతను గంధకం శాతంతో లెక్కించవచ్చు: 15 శాతం గంధకం ఉంటే, 18.6తో భాగిస్తే, జిప్సం సుమారు 80 శాతం.

నేలలోనే సున్నం ఉన్నచోట గంధకం పొడి వేసే పద్ధతి కూడా ఉంది. సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం సున్నాన్ని కరిగించి కాల్షియాన్ని విడుదల చేస్తుంది. కిలో గంధకం సుమారు 5.4 కిలోల జిప్సానికి సాటి. రవాణా దూరం ఎక్కువైతే ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ ఆ సూక్ష్మజీవులకు వెచ్చదనం, తేమ రెండూ కావాలి. చలికాలపు పొడి నేలలో ఆ పని నెలల తరబడి సాగుతుంది.

పెరిగిన దిగుబడి దేనిది?

పొలంలో జిప్సం వేసిన పట్టీలో గోధుమ ఏపుగా ఉంటే సోడియం దోషం తగ్గిందని వెంటనే అనుకోకూడదు. మన లెక్కలోని 3.3 టన్నులతో హెక్టారుకు 490 కిలోల గంధకం చేరింది. టన్ను గోధుమ గింజ తీసుకునే గంధకం 2 కిలోలకు మించదు. నేలలో గంధకం కొరత ఉంటే, సోడియం ఉన్నా లేకపోయినా, జిప్సం పట్టీ పచ్చగా కనిపిస్తుంది. ఆ లాభాన్ని అమ్మోనియం సల్ఫేట్ బస్తాతో కూడా పొందవచ్చు. ఈ రెండింటినీ విడదీయాలంటే జిప్సం పట్టీ పక్కన, జిప్సం లేకుండా గంధకం మాత్రమే వేసిన పట్టీ ఒకటి ఉండాలి. చాలా పొలం పరీక్షల్లో అది ఉండదు.

ఏడాది స్వభావం కూడా ఫలితాన్ని మారుస్తుంది. విత్తిన వెంటనే ఒక గట్టి జల్లు పడి ఆ తర్వాత ఎండ కాసిన ఏడాది, అట్టకట్టని జిప్సం పట్టీలో మొలకల సంఖ్యే తేడా చెబుతుంది. నడి శీతాకాలంలో ముసురు పట్టిన ఏడాది, నీరు నిలవకపోవడం వల్ల లాభం కనిపిస్తుంది. మొలక దశలో సన్నని జల్లులు నిదానంగా పడి, తర్వాత కరువు వచ్చిన ఏడాది రెండు పట్టీలూ ఒకేలా ఉండవచ్చు. ఆ ఏడాది పైరును ఆపింది నేల కట్టుబడి కాదు, నీటి కొరత. ఈశాన్య ఆస్ట్రేలియాలో కింది పొర దోషాల మీద జరిగిన పరిశోధనల్లో గోధుమ దిగుబడిని సోడియం శాతం కంటే అక్కడ పోగైన క్లోరైడ్ ఎక్కువగా అడ్డుకుందని తేలింది. క్లోరైడ్ అడ్డుగా ఉన్న పొలంలో జిప్సం ఎంత వేసినా ఆ అడ్డు అక్కడే ఉంటుంది.

కనుక ఒక్క పంట తూకంతో జిప్సాన్ని మెచ్చుకోవడమూ, తీసిపారేయడమూ రెండూ తొందరపాటే. మట్టి పరీక్ష ఇంకొంచెం స్పష్టంగా చెబుతుంది. జిప్సం వేసిన మూడు నాలుగేళ్ల తర్వాత తీసిన నమూనాలలో పై 10 సెంటీమీటర్ల సోడియం శాతం తగ్గి, పెళ్ల చుట్టూ మసక కమ్మడం ఆగి, 30 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య వాహకత పెరిగి ఉంటే, జిప్సం కరిగింది, సోడియం కదిలింది, కానీ ఇంకా వేళ్ల పొర దాటలేదు అని అర్థం. పై పొరలో సోడియం తగ్గకుండా జిప్సం పలుకులు ఇంకా చేతికి తగులుతుంటే కొరత నీటిది. పలుకులూ లేక, సోడియమూ తగ్గకపోతే మోతాదు చాలలేదన్నమాట.